రెండు వేల రూపాయల పాఠం

2021 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో 11, 12 తరగతులు చదివే పిల్లలకు తలా 2,000 రూపాయలు పెట్టుబడిగా ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు బిజినెస్ బ్లాస్టర్స్. పిల్లలు జట్లు కట్టాలి, చుట్టుపక్కల ఎవరికి ఏం కావాలో కనుక్కోవాలి, ఆ డబ్బుతో ఒక వస్తువో సేవో తయారుచేసి అమ్మాలి. లాభం వస్తే వాళ్లదే. పోతే పోయింది, తిరిగి కట్టక్కర్లేదు. అంతకుముందు ఖిచ్రీపూర్‌లోని ఒక ప్రభుత్వ బడిలో 41 మంది పిల్లలు 9 జట్లుగా ఏర్పడి, తలా 1,000 రూపాయలతో చేసి చూసిన ప్రయోగం దీనికి మూలం. ఏడాది తిరగకుండానే అది సుమారు 3 లక్షల మందికి, 51,000 జట్లకు పాకింది. బడ్జెట్‌లో ఇందుకు 60 కోట్ల రూపాయలు కేటాయించారు. దీనికి పునాది 2019లోనే మొదలైన వ్యాపార పాఠ్యక్రమం. 9 నుంచి 12 తరగతుల దాకా రోజూ ఒక పీరియడు. పరీక్ష లేదు, మార్కులు లేవు, బట్టీపట్టాల్సిన పుస్తకం లేదు. కథలు, ఆటలు, ఊళ్లో వ్యాపారం చేసుకునే వాళ్లను పిలిపించి మాట్లాడటం, ఆ తర్వాత చేతికి డబ్బు. ప్రపంచంలో ఈ తరహా చదువు కొత్తది కాదు. అమెరికాలో జూనియర్ అచీవ్‌మెంట్ సంస్థ 1919లోనే పుట్టింది. కానీ పేద, దిగువ మధ్యతరగతి పిల్లలే ఎక్కువగా చదివే ప్రభుత్వ బడుల్లో, ఇంతమంది చేతుల్లో, తిరిగి అడగని ప్రజల డబ్బు పెట్టి చూడటం అరుదైన సంగతి. అందుకే ఆ 2,000 రూపాయలతో పిల్లలకు ఏం దక్కిందన్న ప్రశ్న ఢిల్లీ దాటి మన దాకా వస్తుంది.

మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే రెండు రకాల జవాబులు వినపడతాయి. ఒకటి, చదువుకునే వయసులో వ్యాపారం ఏమిటన్నది. పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్, ఆ తర్వాత ఉద్యోగం అనే ఒకే దారి కోసం ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో చేర్పించే తల్లిదండ్రులకు ఇది దారి తప్పించే పనిగా తోస్తుంది. రెండో జవాబు దీనికి పూర్తిగా ఎదురు. పదహారేళ్లకే కంపెనీ పెట్టించేయాలి, పిల్లవాడి పేరు ముందు సీఈఓ అని రాయించేయాలి అన్న తొందర అది. ఈ రెండూ పైకి పోట్లాడుకుంటున్నట్టు కనపడినా ఒక్క విషయంలో ఏకీభవిస్తాయి: వ్యాపారం నేర్పడమంటే వ్యాపారిని తయారుచేయడమే అనుకుంటాయి. ఈ వ్యాసం వాదన వేరు. హైస్కూల్లో వ్యాపార పాఠం చెప్పాల్సిందే. అయితే దాని పని కంపెనీలు పుట్టించడం కాదు. సొంతంగా ఏదైనా పెట్టుకునే వాళ్లకూ, జన్మలో పెట్టుకోని వాళ్లకూ సమానంగా అక్కరకొచ్చే లెక్క ఒకటుంది. ఖర్చును పూర్తిగా చూడటం, కొనేవాడిని అడిగి తెలుసుకోవడం, నష్టాన్ని దాచకుండా రాసుకోవడం. బడి నేర్పగలిగింది, నేర్పాల్సింది అదీ. కార్యక్రమం ఫలించిందో లేదో తేల్చాల్సింది గెలిచిన జట్టును చూసి కాదు, డబ్బు పోగొట్టుకున్న జట్టు నోటుపుస్తకాన్ని చూసి.

ముందు ఆ సీఈఓ కల సంగతి. అమెరికాలో పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, డానియల్ కిమ్, హావియర్ మిరాండా కలిసి అక్కడి ప్రభుత్వ రికార్డుల ఆధారంగా చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. అత్యంత వేగంగా ఎదిగిన కొత్త కంపెనీలను, అంటే వెయ్యింటికి ఒకటి చొప్పున పైన నిలిచిన వాటిని తీసుకుని, అవి పెట్టిన నాటికి వ్యవస్థాపకుల వయసు లెక్కకడితే సగటున 45 ఏళ్లు వచ్చింది. ఒక రంగంలో ఏళ్లతరబడి పనిచేసి, లోటుపాట్లు చూసి, మనుషులను సంపాదించుకున్న తర్వాత పెట్టిన సంస్థలే ఎక్కువగా నిలదొక్కుకున్నాయన్నమాట. కాలేజీ మానేసి కోట్లు గడించిన ఒకరిద్దరి కథలు చెప్పి పిల్లల్ని తొందరపెట్టేవాళ్లు ఈ 45ను ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఢిల్లీ కార్యక్రమంలోనూ నాకు నచ్చని భాగం ఇక్కడే ఉంది. మెరుగైన జట్లను టీవీ కార్యక్రమంలో పెట్టుబడిదారుల ముందు నిలబెట్టారు. 2022 మార్చిలో జరిగిన ప్రదర్శనకు 126 జట్లు చేరాయి. ఆ పిల్లల పట్టుదలను తక్కువ చేయనక్కర్లేదు. కానీ 51,000లో 126 అంటే నాలుగు వందలకు ఒకటి. మిగిలిన మూడు వందల తొంభై తొమ్మిది జట్ల పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదే అసలు విషయం. కెమెరా వాళ్ల దగ్గరికి పోదు. ప్రభుత్వాల దృష్టి కూడా కెమెరా వెంటే పోతే పాఠం పోటీ అయిపోతుంది, పోటీ మన పిల్లలకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

ఈ చదువు వల్ల నిజంగా ఏమవుతుందో కొలిచిన వాళ్లున్నారు. వాళ్లకు దొరికిన ఫలితాలు ఒకదానితో ఒకటి అంత సులువుగా కలవవు, అందుకే అవి నమ్మదగినవి. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తివిద్యా కళాశాల విద్యార్థులు ఏడాదిపాటు చిన్న కంపెనీ నడిపే కోర్సు చేశారు. ఊస్టర్‌బీక్, వాన్ ప్రాగ్, ఐసెల్‌స్టైన్ 2010లో ప్రచురించిన దాని ఫలితాలు చాలామందిని నిరుత్సాహపరిచాయి: నైపుణ్యాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, వ్యాపారం పెట్టాలన్న కోరిక పైగా తగ్గింది. అదే దేశంలో 11, 12 ఏళ్ల పిల్లలకు కొద్దిరోజులు నేర్పి చూసిన మరో అధ్యయనంలో వ్యాపార పరిజ్ఞానం పెరగలేదు గానీ పట్టు వదలకపోవడం, తమ మీద తమకు నమ్మకం లాంటి గుణాలు పెరిగాయి. స్వీడన్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థులను 16 ఏళ్ల పాటు వెంబడించి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. బడిలో కంపెనీ నడిపిన వాళ్లు పెద్దయ్యాక సొంత సంస్థ పెట్టే అవకాశం పెరిగింది, దాని మీద ఆదాయమూ పెరిగింది. అయితే పెట్టిన సంస్థ ఎక్కువకాలం బతకడంలో మాత్రం తేడా కనపడలేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. డచ్ విద్యార్థుల కోరిక తగ్గడాన్ని ఓటమిగా లెక్కవేయడం పొరపాటు. వ్యాపారం ఎంత కష్టమో తెలిసి, అది తనకు పడదని ఇరవై ఏళ్లకే గ్రహించిన వాడు, నలభై ఏళ్లప్పుడు ఊళ్లో పొలం కుదువపెట్టి నష్టపోయే ప్రమాదం తప్పించుకున్నట్టే. స్వీడన్ కోర్సులో ఇంకో సంగతి మనం గమనించాలి. అక్కడి పిల్లలు కంపెనీని తెరవడంతో పాటు ఏడాది చివర పద్ధతిగా మూసేస్తారు కూడా, వార్షిక నివేదిక రాసి. మన దగ్గర దుకాణం ఎత్తేయడమంటే తలవంపు. మూసేయడం కూడా ఒక పని, దానికీ పద్ధతుందని నేర్పే చోటు మనకు ఎక్కడా లేదు.

ఇక మనదైన ఆధారం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలను పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం చదివితే మన చదువుల గురించి దిగులు పుడుతుంది. బజారులో పనిచేసే 1,436 మంది పిల్లలను వాళ్లు చూశారు. కిలో ఇంతయితే ఎనిమిది వందల గ్రాముల ఆలుగడ్డ ఎంత, దానికి కిలో నాలుగు వందల గ్రాముల ఉల్లిగడ్డ కలిపితే ఎంత, నోటిస్తే తిరిగి ఇవ్వాల్సిన చిల్లర ఎంత? కాగితం, కలం లేకుండా, ఎవరి సాయమూ లేకుండా ఆ పిల్లలు దాదాపు తప్పుల్లేకుండా చెప్పారు. అదే లెక్క పాఠ్యపుస్తకం రూపంలో కాగితం మీద పెడితే చాలామంది తడబడ్డారు. ఇటు 471 మంది బడిపిల్లలు. వీళ్లు కాగితం లెక్కలు చేయగలిగారు. బజారు లెక్క అడిగితే సరిగా చెప్పినవాళ్లు నూటికి ఒకరు మాత్రమే. బజారు పిల్లల్లో మూడోవంతు మందికి పైగా అదే లెక్కను తేల్చారు. అంటే ఒకే నగరంలో, ఒకే వయసు పిల్లల్లో, రెండు గణితాలు ఒకదాని ముఖం ఒకటి చూడకుండా బతుకుతున్నాయి. మొదటి కోవ పిల్లల తెలివికి బడి విలువ కట్టదు. రెండో కోవ పిల్లల చదువు బడి గడప దాటి రాదు. ఈ మధ్య గోడ కూల్చే పీరియడుకు వ్యాపార పాఠమని పేరు పెట్టినా, లెక్కల పాఠమని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ‘అక్షరాలూ అంకెలూ సరిగా రాని పిల్లలకు వ్యాపార పాఠాలు ఎందుకు, ముందు భాగహారం నేర్పండి’ అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు కూడా ఈ అధ్యయనంలోనే నాకు కనపడుతుంది. భాగహారం అవసరం పడే చోట నేర్పితే వస్తుంది, నిలుస్తుంది.

అవసరం పడే చోటంటే ఎలా ఉంటుందో ఒక ఊహా జట్టును తీసుకుని చూద్దాం. అయిదుగురు పిల్లలు జంతికలు చేసి అమ్మాలనుకున్నారు. బియ్యప్పిండి, శనగపిండి, నూనె, వాము, కారం కలిపి 3,000 రూపాయలు. కవర్లకు, వాటి మీద అంటించే చీటీలకు 400. ఆటోకు 300. అమ్మకం 4,500 వచ్చింది. ఖర్చు 3,700 తీసేస్తే 800 మిగిలిందని పుస్తకంలో రాసి సంతోషపడతారు. మంచి మాస్టారు గానీ టీచరమ్మ గానీ ఉంటే అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: జంతికలు వత్తిందెవరు? ఒక పిల్ల వాళ్లమ్మ. రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రెండు రోజులూ కూలికి వెళ్తే రోజుకు 400 చొప్పున 800 వచ్చేవి. వాడింది ఇంటి గ్యాస్ సిలిండరు. 250 రూపాయల గ్యాసు ఖర్చయింది అనుకుందాం. ఇప్పుడు ఖర్చు 4,750. అంటే 800 లాభం కాస్తా 250 నష్టమైంది. విరిగిపోయి అమ్మడానికి పనికిరాని తరుగు ఇంకా లెక్కలోకి రానేలేదు, వీధిలో అరువు పెట్టి ఇంకా ఇవ్వని వాళ్ల సంగతీ రాలేదు. ఈ ఒక్క పేజీలో ఎన్ని పాఠాలున్నాయో చూడండి. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి విలువ సున్నా అని మన కుటుంబాలూ, వ్యాపారాలూ తరతరాలుగా రాసుకుంటూ వచ్చిన లెక్కను ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడు తన చేత్తో దిద్దుకుంటాడు. సేద్యంలో రైతు తన కుటుంబం కష్టాన్ని లెక్కలో వేసుకుంటే పంట ఎందుకు గిట్టుబాటు కాదో, మద్దతు ధర లెక్కలో కుటుంబ శ్రమ విలువను ఎందుకు చేరుస్తారో ఆ జంతికల లెక్కలోంచే అర్థమవుతుంది. తర్వాత వారం ధర పెంచాలా, తూకం తగ్గించాలా, అమ్మకు కూలి ఇవ్వాలా అన్న చర్చ తరగతిలో జరిగితే, అది సాంఘిక శాస్త్రం పుస్తకంలోని ఎన్నో పేజీల పెట్టు. బహుమతి కోసం పోటీ పెట్టిన చోట మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 800 లాభమని రాసినవాళ్లే గెలుస్తారు.

లెక్కలో ఇంతకంటే పదునైన చోటు వడ్డీ. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించిన అసర్ 2023 నివేదిక ప్రకారం, కనీసం తీసివేత లెక్క వచ్చిన వాళ్లలో 60 శాతానికి పైగా ఒక బడ్జెట్‌లో ఖర్చు సర్దగలిగారు, సుమారు 37 శాతం తగ్గింపు ధర లెక్కకట్టగలిగారు. అప్పు తీసుకుంటే మొత్తం ఎంత తిరిగి కట్టాలో చెప్పగలిగిన వాళ్లు సుమారు 10 శాతం మాత్రమే. తెలుగు నేల మీద ఈ పది శాతాన్ని చదివి ఊరుకోలేం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి కుటుంబాలు కుప్పకూలి, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. తర్వాత ఫోన్‌లోని లోన్ యాప్‌లు అదే దారిలో వచ్చాయి. మన ఊళ్లో ‘నూటికి రెండు’ అంటే నెలకు, బడి పుస్తకంలో రెండు శాతం అంటే ఏడాదికి. ఈ తేడాను పిల్లలకు ఎవరూ విప్పి చెప్పరు. పదివేలు అప్పిచ్చి నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు కట్టమంటే ఇరవై శాతం వడ్డీ అనిపిస్తుంది. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి నిజంగా పడే వడ్డీ ఏడాదికి సుమారు 35 శాతం. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లకు అందనంత కష్టమేం కాదు. పైగా మన ప్రభుత్వ బడుల్లోని చాలామంది పిల్లల ఇళ్లలో ఇప్పటికే ఒక గురువు ఉంది: డ్వాక్రా సంఘంలో సభ్యురాలైన తల్లి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1990ల్లో పొదుపు ఉద్యమంగా మారిన చరిత్ర మనది. నెలనెలా పొదుపు, తీర్మానం పుస్తకం, బ్యాంకు లింకేజీ, కంతు తప్పితే సంఘమంతా కూర్చుని మాట్లాడుకోవడం ఆమెకు తెలిసిన విద్యలు. పారిశ్రామికవేత్తను తరగతికి పిలిచినన్ని సార్లు సంఘం లీడరును కూడా పిలవాలి. సొంత తల్లి బల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన రోజు, ఆ పిల్ల లెక్కల పుస్తకాన్ని చూసే చూపు మారుతుంది.

అసలైన అభ్యంతరానికి ఇప్పుడు వద్దాం. ఉద్యోగాలు ఇవ్వలేని ప్రభుత్వం, మీరే ఉద్యోగాలు సృష్టించుకోండని పిల్లల భుజం మీద బరువు పెట్టి తప్పుకుంటోందని కొందరంటారు. ఈ మాటలో చాలా నిజముంది. 2023–24 శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పనిచేసే వాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు. నెల జీతం వచ్చే వాళ్లు 22 శాతం లోపే. అంటే మనకు సొంతంగా ఏదో ఒకటి చేసుకునే మనుషుల కొరత లేదు. తోపుడుబండి, కిరాణా కొట్టు, ఎకరం పొలం, అద్దె ఆటో. వీళ్లలో అత్యధికులు ఇష్టపడి వ్యాపారులైన వాళ్లు కారు, వేరే దారి లేక అయినవాళ్లు. పేదల ఆర్థిక జీవితం మీద బెనర్జీ, డుఫ్లోలు 2011లో రాసిన పుస్తకంలోనూ ఈ సంగతి వివరంగా ఉంది: చిన్న వ్యాపారం నడిపే తల్లిదండ్రులు తమ పిల్లలకు కోరుకునేది ప్రభుత్వ ఉద్యోగమే. కనుక బడిలో వ్యాపారం నేర్పితే నిరుద్యోగం తీరుతుందని ఏ మంత్రి చెప్పినా నమ్మకూడదు. కర్మాగారాలు, ఖాళీ పోస్టుల భర్తీ, పంటకు ధర, వీటి బాధ్యత 2,000 రూపాయలతో తీరదు. కానీ ఇదే అంకెలోంచి ఇంకో ముగింపు కూడా వస్తుంది. నూటికి యాభై ఎనిమిది మంది ఎలాగూ ఆ బతుకులోకే వెళ్తున్నప్పుడు, పన్నెండేళ్ల చదువులో ఒక్క పీరియడు కూడా దాని గురించి చెప్పకుండా పంపడం ఏం న్యాయం? బడి జీతగాళ్లను తయారుచేసే పాఠాలు చెప్తుంది, బయట జీతాలుండవు. ఆ మధ్య పడే పిల్లలకు కనీసం లెక్క చేతికివ్వాలి. ఇచ్చినంత మాత్రాన ఉద్యోగాలు అడిగే హక్కు పోదు. లెక్క తెలిసిన వాడు ఇంకా గట్టిగా అడుగుతాడు. ఫిన్లాండ్‌లో ఆరో తరగతి పిల్లలు ఒక రోజంతా నమూనా ఊరిలో ఉద్యోగిగా, కొనుగోలుదారుగా, పౌరుడిగా బతికి చూస్తారు. జీతంతో పాటు పన్నూ, పన్నుతో పాటు ఊరి ఖర్చూ అందులో భాగం. వ్యాపారాన్ని ప్రభుత్వం నుంచి విడదీయకుండా నేర్పే పద్ధతి అది.

పిల్లల చేత సంపాదింపజేయడం మీద మన దేశంలో జరిగిన చర్చ చాలా పాతది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ఆలోచనను సభ ముందు పెట్టినప్పుడు, పిల్లలు చేతిపనితో తయారుచేసిన వస్తువుల మీద వచ్చే ఆదాయంతో ఉపాధ్యాయుల జీతాలు గడవాలన్న మాట మీదే పెద్ద వివాదం రేగింది. ఆ పథకానికి రూపమిచ్చిన సంఘానికి అధ్యక్షత వహించిన జాకిర్ హుస్సేన్ కూడా ఈ స్వయంపోషకత్వం మితిమీరితే ఉపాధ్యాయులు పిల్లల శ్రమను పిండుకునే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఇప్పటికీ వర్తిస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత కుటుంబ వ్యాపారంలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చింది. ఆ సందులోంచి ఎంత శ్రమ జారిపోతుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి గీత స్పష్టంగా ఉండాలి. పని బడి వేళల్లో జరగాలి. పెట్టుబడి ప్రభుత్వానిది కావాలి, ఇంటి నుంచి ఒక్క రూపాయి తెమ్మనకూడదు. లాభం బడి నిధికి మళ్లకూడదు. ఏడాది తర్వాత మూసేయాలి. ఈ నాలుగు హద్దులూ ఉన్నప్పుడు పిల్ల చేసేది పాఠం, లేనప్పుడు అది పని.

‘ఇంటి నుంచి తెమ్మనకూడదు’ అన్న దాని మీద ఇంకొంచెం ఆగాలి. నష్టం తట్టుకోగలగడం మన సమాజంలో పుట్టుకతో పంచిన ఆస్తి. గల్లాపెట్టె పక్కన పెరిగిన పిల్లవాడికి ఎవరికి అరువివ్వాలో, టోకు వ్యాపారి దగ్గర ఎంత బేరమాడాలో, ఒక సీజను పోతే తర్వాతి సీజను దాకా ఎవరు ఆదుకుంటారో మాటల మధ్యే తెలిసిపోతుంది. వాడికి మేనమామ పెట్టుబడి పెడతాడు, బాబాయి సరుకు పంపుతాడు. తరతరాలుగా మార్కెట్టుకు తన శ్రమను మాత్రమే అమ్ముకున్న కులాల పిల్లలకు ఆ వల లేదు. అరువిచ్చేవాడూ, ఒక్కోసారి ఆ చేతి వంట కొనేవాడూ కూడా దొరకడు. ఆడపిల్లల సంగతి సరేసరి. ఆరో ఆర్థిక గణనలో సంస్థలు నడిపే వాళ్లలో స్త్రీలు దాదాపు 14 శాతమే. పాఠం వల్ల కులం పోదు, బ్యాంకు మేనేజరు మనసు మారదు. ఆ మాట దాచి, కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చని చెప్పే పాఠం పిల్లలకు అబద్ధం నేర్పినట్టే. ఓడిపోయిన పిల్ల తప్పంతా తనదేననుకుంటుంది. కానీ తిరిగి అడగని 2,000 రూపాయలు ఒక పని చేస్తాయి. ఉన్నవాళ్ల ఇంట్లో మేనమామ చేసే పని అది. పోయినా పరవాలేదు, ఎందుకు పోయిందో చెప్పు అని అడిగే మేనమామ స్థానంలో ఒక్క ఏడాదైనా ప్రభుత్వం నిలబడుతుంది. ఢిల్లీ కార్యక్రమంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనపడేది టీవీ ప్రదర్శనా కాదు, పెట్టుబడిదారులూ కాదు, ఈ ఒక్క షరతు. దాన్ని అప్పుగానో, గెలిచిన వాళ్లకు మాత్రమే ఇచ్చే బహుమతిగానో మార్చిన మరుక్షణం పాఠం ఉన్నవాళ్ల పిల్లలదైపోతుంది.

మన రాష్ట్రాల్లో నేల ఖాళీగా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు వ్యవస్థాపక దృక్పథాన్ని నేర్పే కార్యక్రమం కొన్నేళ్లుగా నడుస్తోంది. తెలంగాణలో బడిపిల్లల ఆవిష్కరణల పోటీ 2020లో మొదలైంది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఒక్కో టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షల రూపాయల దాకా వచ్చే బడులూ ఉన్నాయి. వస్తువు కనిపెట్టడం మీద ఇంత శ్రద్ధ ఉంది, దాన్ని ఎంతకు అమ్మితే గిట్టుబాటవుతుందన్న లెక్క మీద అందులో పదో వంతు కూడా కనపడదు. త్రీడీ ప్రింటరుకు 20 లక్షలు దొరికే చోట, నలభై మంది పిల్లల తరగతికి తలా రెండు వేల చొప్పున 80,000 రూపాయలు దొరకకపోవు. దొరకాల్సింది సమయం, మాస్టార్లు. ‘జీవితంలో ఒక్క రూపాయి వ్యాపారం చేయని మాస్టారు ఏం చెప్తారు’ అని అడిగేవాళ్లున్నారు. ఈ పాఠంలో ఆయన జవాబులు చెప్పే మనిషి కానక్కర్లేదు. జంతికలు వత్తిందెవరని అడిగితే చాలు. అడగడానికి కావాల్సింది వ్యాపారానుభవం కాదు, పిల్లల నోటుపుస్తకం మీద అరగంట కూర్చునే తీరిక. ఇప్పుడున్న సిలబస్, పరీక్షలు, బోధనేతర పనుల మధ్య ఆ అరగంటను ఆయనకు ఎవరిస్తారన్నదే గట్టి ప్రశ్న. ఇంకో భయం నాది. ఈ పాఠానికి మార్కులు పెట్టిన రోజు దానికి గైడు వస్తుంది, ‘నష్టానికి అయిదు కారణములు రాయుము’ అన్న ప్రశ్న వస్తుంది, అయిదు కారణాలూ పిల్లలు బట్టీపడతారు. ఢిల్లీలో పరీక్ష పెట్టకపోవడం సరైన నిర్ణయం. పరీక్ష లేనిదాన్ని తల్లిదండ్రులు లెక్కచేయరన్నది నిజమే. అయితే పిల్లవాడు సంతలో బేరం చేసి ఇంటికొచ్చి వడ్డీ లెక్క తప్పని చూపించిన రోజున ఆ ఇంట్లో దానికి మార్కులు పడతాయి.

2025లో ఢిల్లీలో ప్రభుత్వం మారింది. పాత పాఠ్యక్రమం స్థానంలో నీవ్ అనే కొత్త కార్యక్రమం వచ్చింది. కొత్తది పాతదాని కంటే మేలైనదైనా కావచ్చు. నా బాధ అది కాదు. స్వీడన్‌లో ఫలితం తేలడానికి 16 ఏళ్లు పట్టింది, మన దగ్గర ఒక పాఠానికి దొరికే ఆయుష్షు ఒక ప్రభుత్వం కాలం. 2021లో ఢిల్లీ బడుల్లో జట్లు కట్టిన పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. కొందరు డిగ్రీలో, కొందరు డెలివరీ పనిలో, కొందరు దుకాణంలో ఉంటారు, కొందరమ్మాయిలకు పెళ్లిళ్లయి ఉంటాయి. 2037 నాటికి వాళ్ల చేతిలో అప్పెంత, పొదుపెంత, ఎవరు ఏం పెట్టారు, ఎవరు మూసేశారు, ఎవరు మూసేసి మళ్లీ పెట్టారు అన్నది తెలుసుకోవాలంటే, పోల్చుకోవడానికి వాళ్లు పదహారేళ్లప్పుడు రాసిన ఖర్చుల కాగితాలు ఉండాలి. ఏ పాలకుడి పేరుతో మొదలైందన్నది పక్కనపెట్టి, ఆ 51,000 జట్ల పుస్తకాలను, ముఖ్యంగా నష్టం రాసిన పుస్తకాలను, పాత కాగితాల వాడికి తూకానికి వేయకుండా ఒక గదిలో పెట్టి తాళం వేయాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలు రాసేవాటికి కూడా అలాంటి గది ఒకటి ఇప్పుడే చూడాలి.